ఇరవయ్యో ఫారంలో గుర్రం

ఎం.ఏ. చదువుకునే ఆ రోజుల్లో నాకు జ్ఞాపకశక్తి తక్కువని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. అది అన్యాయం. చదివిన పాఠాలు మర్చిపోయేదాన్నేమో కానీ, నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో, అన్నప్పుడు కట్టుకున్న చీర రంగుతో సహా ఇప్పటికీ చెప్పగలను. (నా పెళ్ళిలో మైలవరం అత్తయ్య "పెళ్ళికూతురికి నిద్ర చాలినట్టు లేదు" అంది. గంధం రంగు చీర.) అలా అన్నవాళ్ళందరి జాబితాలో పాతికేళ్ళపాటు మొదటి స్థానం మా తెలుగు సార్‌ది.

మొదటి సంవత్సరంలో ఒక నవల గురించి నేను లేచి ఏదో చెప్పబోతే, సార్ మధ్యలోనే ఆపి, "నువ్వు కథ చదువుతావమ్మా, నవల చదవవు. కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది. రెండో సంవత్సరం తెలుగులోకి వచ్చిన ఒక లావుపాటి రష్యన్ నవల మాకు పాఠ్యగ్రంథమైంది. దానిలోని ప్రతీకల మీద ఒక్కొక్కరం సెమినార్ ఇవ్వాలి. బాగా ఇచ్చినవాళ్ళ పేరు, డిగ్రీ సెక్షన్‌లో ఖాళీ అయిన పార్ట్‌టైం లెక్చరర్ పోస్టుకి సార్ రాస్తారని తెలిసింది. ఆ ఉద్యోగం రాకపోతే నేను భవానీపురంలో పెద్దమ్మ వాళ్ళిల్లు వదిలి చల్లపల్లి వెళ్ళిపోవాలి. "తెలుగు ఎం.ఏ. ఎందుకని ముందే చెప్పాం కదా" అనడానికి అక్కడ మా చిన్న మామయ్య రెండేళ్ళుగా సిద్ధంగా ఉన్నాడు.

లైబ్రరీలో ఆ నవల ఒకే ఒక్క కాపీ. మిగతావాళ్ళు గైడు కొనుక్కున్నారు, నేను పంతం కొద్దీ పుస్తకమే తెచ్చుకున్నాను. మూడు వందల పేజీలు దాటాక, పట్నంలో ఒక గొప్పవాళ్ళింట్లో డాన్సు మొదలవుతుంది. పేజీ తిప్పగానే మంచు, పల్లెటూరు, ఒక ముసలాయన, ఆయన బూడిదరంగు గుర్రం. ఆయన తన గిన్నెలోని జావ సగం గుర్రానికి పెట్టి, దాని మెడ పట్టుకుని ఏడుస్తాడు. పదహారు పేజీల తర్వాత మళ్ళీ పట్నం. డాన్సు ముగిసి అందరూ బళ్ళెక్కుతుంటారు. ముసలాయన గాని, గుర్రం గాని మళ్ళీ కనిపిస్తే ఒట్టు. నాకు ఏ అనుమానమూ రాలేదు. (రష్యన్ నవలల్లో ఒక్కో మనిషికి మూడేసి పేర్లుంటాయి. కొత్త పేరు తగిలితే పాతవాళ్ళలోనే ఎవరో ఒకరై ఉంటారని సరిపెట్టుకోవడం అప్పటికే అలవాటైపోయింది.) పైగా సార్ చెప్పనే చెప్పారు, "గొప్ప నవలలో ఏదీ ఊరికే రాదు. ఊరికే వచ్చినట్టు కనిపించిందంటే అది ప్రతీక" అని. ఇంకేం, ఇరవై రెండు పేజీలు రాశాను. గుర్రం నాయకుడి అంతరాత్మ. జావ క్షమాగుణం. మంచు సమాజం. గుర్రం తోక ఊపడం మీదే ఒకటిన్నర పేజీ.

సెమినార్ రోజు పొద్దున వంటింట్లో పెద్దమ్మకు చదివి వినిపిస్తున్నాను. పెదనాన్న కాఫీ తాగుతూ విన్నాడు. ఆయనది బైండింగ్ షాపు. చిరిగిన లైబ్రరీ పుస్తకాలు ప్రతి వేసవికీ ఆయన దగ్గరికే వస్తాయి.

"ఏ పుస్తకమే అది? ఇటివ్వు" అన్నాడు. పేజీలు తిప్పి, మూడు వందల అయిదో పేజీ అడుగున చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. (పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున పుస్తకం పేరు, ఫారం నంబరు వేస్తారు. బైండింగ్ వాళ్ళు తప్ప ఎవరూ చూడరు.) అక్కడ ఇరవై అని ఉంది, పక్కన ఇంకేదో నవల పేరు ఉంది.

"రెండు రష్యా పుస్తకాలు ఒకేసారి విప్పాంలే. సైజు ఒకటే, అచ్చు ఒకటే. దీని ఇరవై దాంట్లోకి, దాని ఇరవై దీంట్లోకి పోయింది."

"అంటే, నా గుర్రం?"

"అది ఈ నవల్లోది కాదే."

"పోన్లే, ఏ నవల్లోదైతే ఏం, నాకైతే ఏడుపొచ్చింది" అంది పెద్దమ్మ.

"పదింటికి సెమినార్, పెదనాన్నా."

"సాయంత్రం పట్రా, విప్పి కుట్టేస్తా" అన్నాడాయన, కష్టమల్లా కుట్టుదే అయినట్టు. (ఇదీ నేను మర్చిపోలేదు.)

గుర్రాన్ని తీసేస్తే నా పేపర్లో మిగిలేది శీర్షిక, కృతజ్ఞతలు. వేరే దారి లేక దాన్నే చదివాను. గుర్రం రాగానే సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. చదవడం అయ్యాక, మొదటి సంవత్సరంలో అందరికంటే గట్టిగా నవ్విన ఫస్ట్ బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, గుర్రం ఎక్కడుందండీ? గైడులో లేదు."

సార్ నా వైపు చూశారు. చల్లపల్లి బస్సు కళ్ళ ముందు కదిలింది.

"గైడులో ఉండదమ్మా. మూడు వందల అయిదో పేజీ. కూర్చో" అన్నారు.

ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. కానీ ఆ సాయంత్రం బస్సు భవానీపురం చేరేలోపే ఆ ఊరట కాస్తా ఫిర్యాదుగా మారింది. నేను నవల చదవనన్న మనిషి, ఆ నవల తనే చదవలేదన్నమాట. చదివుంటే గుర్రం లేదని తెలియదా? పాతికేళ్ళుగా ఈ సంగతి నేను చెప్పని చుట్టం లేడు.

మొన్న బెజవాడ పుస్తకాల పండగలో సార్ కనిపించారు, చేతికర్రతో. నమస్కారం పెట్టి, ఇక ఆగలేక అనేశాను. "ఆ నవల్లో గుర్రం లేదండీ, సార్."

"లేదు" అన్నారాయన, పుస్తకం తిరగేస్తూనే.

"మీకు తెలుసా?"

"దాంతో పేజీలు తారుమారైన రెండో పుస్తకం నా దగ్గరే ఉండేదమ్మా అప్పుడు. మంచులో ముసలాయన గుర్రం కోసం జావ కాస్తున్నాడు. పేజీ తిప్పితే పట్నంలో డాన్సు. ఆ గుర్రం ఏమైపోయిందోనని రెండు నెలలు మనసు పీకింది. నీ సెమినార్లో దొరికింది."

"మరి అప్పుడు చెప్పలేదేమండీ?"

"చెబితే ఉద్యోగం ఎవరికిచ్చేవాణ్ణి? గైడుకా?"

గుండెలో ఎప్పటి నుంచో ఉన్న బరువేదో దిగింది. అయినా నేను నేనే కదా. "మీరు నన్ను కథ చదువుతావు, నవల చదవవు అన్నారు" అన్నాను.

"అన్నానా?" పుస్తకం మూశారు. "అయితే తప్పేనమ్మా. నువ్వు రెండు నవలలు చదివావు."

ఆ రోజే ఆయన్ని జాబితాలోంచి తీసేశాను. మైలవరం అత్తయ్య మొదటి స్థానానికి వచ్చింది. ఇప్పుడు భవానీపురం బస్సు ఎదురైతే, కిటికీ పక్కన ఇరవై రెండు పేజీలు ఒళ్ళో పెట్టుకుని, క్లాసులో ఆ పేజీలు అక్షరం అక్షరం విన్న ఒకే ఒక్క మనిషిని ఇంటిదాకా తిట్టుకుంటూ వెళ్ళిన పిల్ల కనిపిస్తుంది. పాపం, దాని మీద కోపం రాదు నాకు. పిలిచి, సగం జావ పెట్టాలనిపిస్తుంది.