సూసన్ పాయింట్ల కార్డు

సూసన్ వేళ్ళకి కళ్ళున్నాయని నందిగామలో చాలామంది అంటారు. బస్టాండుకి దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె పనిచేసే ల్యాబు. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్ళు చెయ్యి చాపుతారు. ఆమె రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో చూపుడువేలితో తడుముతుంది. ఎండాకాలం మున్నేటి ఇసక కింద నీరు దాక్కున్నట్టు, చర్మం కింద ఎక్కడో నరం దాక్కుని ఉంటుంది. వేలు ఒకచోట ఆగుతుంది. సూది దిగిన సంగతి అవతలివాళ్ళకి తెలిసేలోపే పని అయిపోతుంది.

ఎన్నడూ వణకని ఆ చెయ్యి ఒకరోజు జగ్గయ్యపేటలో బ్యాంకు బల్ల మీద వణికింది. ఆమె పగ పుట్టింది అక్కడే.

అంతకుముందు ఉన్నది ఆశ ఒక్కటే. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, గన్నవరం ఎయిర్‌పోర్టు వైపు నుంచి విమానమొకటి మబ్బుల్ని కుట్టుకుంటూ పోయేది. ఆసుపత్రి డాక్టరమ్మ నీహారిక ఒకసారి మాటల్లో, "విమానం టికెట్టు డబ్బులు పెట్టి కొనలేదు సూసన్, క్రెడిట్ కార్డు పాయింట్లతోనే వెళ్ళొచ్చాం" అంది. ఆ మాట సూసన్ లోపల గూడు కట్టుకుంది. బియ్యం, గ్యాసు, అమ్మ మందులు ఎలాగూ కొనాల్సినవే. వాటికే పాయింట్లు వస్తాయంటే ఎందుకు వద్దనాలి? మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఒక్కసారి పెనుగంచిప్రోలుని పైనుంచి చూడాలి. ఏటి పక్కన కల్లాలన్నీ ఆరేసిన ఎర్రచీరల్లా ఉంటాయేమో. ఆ కల్లాల్లో వంగీ వంగీ నడుం పోగొట్టుకున్న నాన్న ఏలీయాని పక్కసీట్లో కూర్చోబెట్టి, "చూడు నాన్నా, ఎంత చిన్నవో" అనాలి.

ఆ ఆశతోనే సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్ళింది. కార్డుల బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడి పేరు రవితేజ. ఆమె ఇచ్చిన కాగితాలు తిప్పుతూ, తండ్రి పేరు దగ్గర ఆగాడు.

"ఏ ఏలీయా? పెనుగంచిప్రోల్లో మా తాత రత్తయ్య గారి దగ్గర జీతం చేసిన ఏలీయానా?"

"అవునండీ."

"వాడి కూతురివా నువ్వు!" అని కంప్యూటర్లోకి చూసి నవ్వాడు. "నీ జీతం బానే ఉంది గానీ, హిస్టరీ ఏదమ్మాయ్? రెండంటే రెండు లోన్లు. ఫోనుకొకటి, ఫ్రిజ్జుకొకటి. రెండూ పుట్టగానే పోయినయ్. కార్డు ఇవ్వాలంటే అప్పు తీసుకుని నెలనెలా కట్టినట్టు ఏళ్ళ తరబడి కనపడాలి."

"మొత్తం కట్టేశానండీ. ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదు."

"మీ ఇళ్ళల్లో హిస్టరీ ఎక్కణ్ణుంచి వస్తదిలే." వెనక నిలబడ్డవాళ్ళకి వినపడేలా గొంతు పెంచాడు. "పాయింట్ల కార్డంట! ముందు రేషన్ కార్డు జాగ్రత్తగా పెట్టుకో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కాగితాలు తీసుకోబోతే చెయ్యి వణికింది. ఒక కాగితం జారి వాడి చెప్పుల దగ్గర పడింది. దానికోసం వంగాల్సి వచ్చింది సూసన్‌కి. ఆ వంగడం ఆమె మర్చిపోలేదు.

లోన్లు పుట్టగానే ఎందుకు పోయాయంటే, కారణం ఏలీయా. రత్తయ్య గారి బాకీ తీరి ఊళ్ళోంచి బయటపడ్డ ఏడు, ఇక అప్పుతో కొత్త సంవత్సరంలో అడుగుపెట్టనని ఆయన ప్రభువు గుళ్ళో మొక్కుకున్నాడు. ప్రతి డిసెంబరులోనూ ఇల్లంతా వెతుకుతాడు. కిరాణా కొట్టుకి, పాలవాడికి, చివరికి ఇస్త్రీ బండికి కూడా ఏమీ మిగలకూడదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాపలా కాసి దాచిన డబ్బు పట్టుకెళ్ళి, కూతురి ఫోను లోనూ ఫ్రిజ్జు లోనూ రెండూ అలాగే గడువుకి ముందే మూయించేశాడు. అప్పుడు అందరూ సంతోషంగా క్రిస్మస్ కేకు తిన్నారు.

"నువ్వు కట్టకుండా ఉంటే బాగుండేది నాన్నా" అంది సూసన్ ఆ సాయంత్రం.

"అప్పు తీర్చడం తప్పంటా?"

"తీర్చడం కాదు. ముందే తీర్చడం తప్పంట."

ఏలీయా బుర్ర గోక్కుని, "అదేం బ్యాంకే తల్లీ!" అన్నాడు.

నందిగామలో ఇంకో బ్యాంకుంది. అక్కడ పనిచేసే రోజారమణి గారు షుగరు పరీక్షకి వచ్చినప్పుడు దారి చెప్పారు. "ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేసి, దాని మీద చిన్న కార్డు తీసుకో అమ్మా. దానికి హిస్టరీ అడగరు. నెలనెలా బిల్లు మొత్తం కట్టు. ఏడాది పైన అలా వాడావంటే, పాయింట్ల కార్డు అదే నడిచొస్తుంది."

సూసన్ గాజుల కోసం దాచుకున్న డబ్బు డిపాజిట్టు వేసింది. అప్పట్నించీ బిల్లు కట్టిన ప్రతిసారీ రవితేజ మాటల్లోంచి ఒకదాన్ని తీసి, నాలుక మీద పెట్టుకుని చప్పరించేది. ఒక నెల 'వాడి కూతురు'. ఒక నెల 'మీ ఇళ్ళల్లో'. కొందరు ఊరగాయ పెట్టుకుంటారు. ఆమె ఆ మాటల్ని ఊరబెట్టుకుంది.

డిసెంబరు వచ్చింది. ఏలీయా వెతుకులాట మొదలైంది.

"బిల్లు కట్టేశా నాన్నా. పైసా లేదు."

"కార్డు కూడా ఇచ్చెయ్యి. ఉంటే మళ్ళీ గీకుతావుగా."

"గీకుతా. ఇవ్వను."

"ఎవరి మీదే ఈ పంతం?"

"రత్తయ్య గారి మనవడి మీద." దాచిందంతా అప్పుడు చెప్పింది.

వంటింట్లోంచి తల్లి సౌభాగ్యమ్మ, "వాడి నోట్లో మన్నుపడ!" అంది. ఏలీయా మాత్రం తల దించుకున్నాడు. "ఆ పిల్లోణ్ణి భుజమ్మీద ఎక్కించుకుని కల్లానికి తీసుకెళ్ళేవాణ్ణే."

"వాడికి గుర్తులేదుగా."

"నాకుందిగా. వదిలెయ్ తల్లీ."

జనవరి ఒకటో తారీకు పొద్దున గుళ్ళో ప్రభువు బల్ల, రొట్టె పంచుకునే ఆరాధన. మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే కడుక్కుని రొట్టె తీసుకొమ్మని పాస్టరు మోజెస్ గారు ఎప్పుడూ చెప్పేదే. పళ్ళెం సూసన్ దగ్గరికి వచ్చింది. తీసుకోకుండా పక్కకి అందించింది. మగవాళ్ళ వైపు కూర్చున్న ఏలీయా అది చూశాడు.

జులైలో, తుంపర పడుతున్న ఒక పొద్దున, ల్యాబు ముందు క్యూలోంచి ఒక గొంతు వినపడింది. "సార్, పాయింట్ల కార్డు తీసుకోండి సార్. మొదటి ఏడాది ఫీజు లేదు." సూసన్ కిటికీలోంచి చూసింది. రవితేజ. పరగడుపున నెత్తురు పరీక్షకి వచ్చి కూడా కార్డులు అమ్ముకుంటున్నాడు. బ్యాంకులో బల్ల పోయినట్టుంది, మెడలో బ్యాంకు బిళ్ళ, చేతిలో ఫోను, మొహం వాడిపోయింది. ఆమె మొహానికి మాస్కు ఉంది. చీటీలన్నిట్లో వాడి చీటీని అడుక్కి పెట్టింది.

వాడి వంతు వచ్చేసరికి ఆకలి కళ్ళల్లోకి వచ్చేసింది.

"కొంచెం మెల్లగా మేడం. సూదంటే నాకు భయం." కూర్చుంటూనే అలవాటు పోనిచ్చుకోలేదు. "మీరు కూడా ఒక కార్డు తీసుకోండి మేడం. నెలాఖరు. ఒక్కటి తక్కువైంది. ఇది గానీ తేలేదో, నా ఉద్యోగం ఉండదు."

"నాకు హిస్టరీ తక్కువండీ."

"అదంతా నేను చూసుకుంటా మేడం! పేరు చెప్పండి."

"సూసన్."

ఫోన్లో కొట్టుకున్నాడు. ఆమె చెప్పిన పాన్, ఫోను నంబర్లు కూడా కొట్టుకున్నాడు. "నాన్నగారి పేరు?"

సూసన్ మాస్కు కిందికి లాగింది. "మీకు తెలిసిన పేరే. చెప్పండి."

వాడు చూశాడు. మొహంలో రంగు మెట్టు మెట్టుగా దిగింది.

"ఏలీయా" అన్నాడు.

"నాకు వినపళ్ళేదండీ."

"ఏలీయా గారు."

"క్యూలో వాళ్ళకి కూడా వినపడాలి. మీ బ్యాంకులో అలాగేగా."

"ఏలీయా గారు!" గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూశాడు.

సూసన్ ఫోను టింగుమంది. రవితేజ ఆమె ఫోను వైపు చూశాడు. "ఓటీపీ వచ్చింది మేడం. చెప్తే అయిపోద్ది."

అంకెలు ఎదురుగా వెలుగుతున్నాయి. ఏడాదిన్నర ఎదురుచూసిన కార్డుకీ ఆమెకీ మధ్య అవే మిగిలాయి. వాటిని మెల్లగా, పాఠం చదువుకున్నట్టు లోపల చదువుకుంది. బయటికి అనలేదు. గడువు దాటింది. వాడు మళ్ళీ పంపించాడు. మళ్ళీ టింగుమంది. వాడి కళ్ళు ఆమె పెదాల మీద ఉన్నాయి. రెండోదీ వెలిగి ఆరిపోయింది.

"సూసన్ గారూ, అప్పుడేదో నోరు జారా..."

"చెయ్యి చాపండి."

చాపాడు. సూసన్ పట్టీ బిగించింది. మోచేతి దగ్గర నరం దొరికింది, మంచి నరం. దాన్ని వదిలేసి, నొప్పి ఎక్కువ పుట్టే మణికట్టు దగ్గర రెండు మూడు పోట్లు పొడవాలని ఉంది. పొడిచినా ఎవరూ కాదనరు. వాడూ అదే అనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కానీ ఆమె చెయ్యి ఆమె మాట వినలేదు. ఎన్నేళ్ళుగానో వెళ్ళే చోటికే తిన్నగా వెళ్ళింది.

"అయిపోయిందా?" అన్నాడు వాడు కళ్ళు తెరిచి.

"అయిపోయింది. దూది నొక్కి పట్టుకోండి." తన చేతి మీద తనకే కోపమొచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, ఎవరి చేతా చేయించుకోకుండా, తన ఫోన్లోంచే రోజారమణి గారి బ్యాంకుకి దరఖాస్తు పెట్టింది. ఈసారి అంకెలు టకటకా కొట్టింది. జగ్గయ్యపేటలో దిగేలోపే, మంజూరైందని కబురొచ్చింది.

వారం తిరక్కుండానే కార్డు ఇంటికొచ్చింది. ఏలీయా దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ పిల్లోడి బ్యాంకుదేనా?"

"కాదు. నేను తెచ్చుకున్నా." ల్యాబులో జరిగింది చెప్పింది.

"ఏలీయా గారు అన్నాడా?"

"అన్నాడు."

"గట్టిగానా?"

"క్యూ అంతా వినేట్టు."

ఆయన కార్డు బల్ల మీద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సరేలే. ఈ ఆదివారం రొట్టె తీసుకో."

ఆ ఆదివారం పళ్ళెం వచ్చింది. సూసన్ కళ్ళు మూసుకుని, నరం కోసం తడిమినట్టు లోపల తడుముకుంది. ఒకచోట వేలు ఆగింది. సన్నగా, వెచ్చగా, ఇంకా కొట్టుకుంటూనే ఉంది. పళ్ళెం పక్కనున్న అమ్మకి అందించింది.

నాన్న చూస్తుంటాడని తల తిప్పింది. ఆయన ఇటు చూడట్లేదు. మగవాళ్ళ వైపు పళ్ళెం ఆయన చేతికొచ్చింది. ఏలీయా దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మీసం కింద 'రత్తయ్య' అన్న పేరు కదిలింది, వెనక గారు లేకుండా. తర్వాత, రొట్టె ముట్టకుండానే, పళ్ళెం పక్కమనిషికి ఇచ్చేశాడు.