నాంచారయ్య బావ తప్పిన పరీక్ష

నాంచారయ్య బావ లేడు.

ఈ మూడు మాటలు టైప్ చేసి ఫోన్ పక్కన పెట్టేశాను. మళ్ళీ తీసి చదువుకున్నాను. నేనే రాశాను కానీ నమ్మకం కుదరడం లేదు.

నిన్న పొద్దున ఏడింటికి భవానీపురం నుంచి సీతక్క, అంటే బావ భార్య, ఫోన్ చేసింది. "రవణా, మీ బావ లేవట్లేదే" అంది.

"పోనీలే అక్కా, కాసేపు పడుకోనీ" అన్నాను.



తర్వాత ఎవరో ఫోన్ తీసుకుని చెప్పారు. హార్ట్ ఎటాక్ అట. నిద్రలోనేనట.

మొన్న సాయంత్రం మా ఇంట్లో కూర్చుని, రెండుసార్లు కాఫీ అడిగి తాగి, మెట్లు దిగి వెళ్ళిన మనిషి. నేను అక్కతో అన్న ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. పడుకోనీ అన్నాను.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆయన కెప్టెన్ గారు. నాకు మేనత్త కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. కెప్టెన్ కాకముందు సంగతి ఒకటి మీలో ఎక్కువమందికి తెలియదు. ఈ రోజు అది చెప్పకుండా ఉండలేను.

డెబ్బైల్లో మాట. ఉప్పెనకి ముందు.

మేనత్త వాళ్ళది నాగాయలంక దగ్గర పల్లె. మావయ్య సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాడు. బావ విజయవాడ గవర్నర్‌పేటలో మా ఇంట్లో ఉండి చదువుకున్నాడు. పేపర్లో ప్రకటన చూసి అప్లికేషన్ పెట్టి, బొంబాయిలో ఒక షిప్పింగ్ కంపెనీలో క్యాడెట్‌గా చేరాడు. మూడేళ్ళకు పైగా ఓడల మీద డెక్ కడిగాడు, రంగులు వేశాడు, సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ చూసి ఓడ ఎక్కడుందో లెక్కకట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఆఫీసర్ పరీక్ష. అది పాసైతేనే ఓడ నడిపే డ్యూటీ చేతికిస్తారు.

రాత పరీక్షలు, ఓరల్స్ అన్నీ ముగించుకుని విజయవాడ వచ్చాడు. రిజల్ట్ ఇంకా రాలేదన్నాడు. పల్లెలో అప్పటికే అందరూ ఆఫీసరు అనేస్తున్నారు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది.

రోజూ పొద్దున్నే డాబా మీద తిరుగుతూ మళ్ళీ అవే రూల్స్ బట్టీ పడుతున్నాడు. సముద్రంలో ఓడలు గుద్దుకోకుండా పాటించాల్సిన రూల్స్. ఇంగ్లీషులో, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా అప్పజెప్పాలి. నేను డిగ్రీ చదువుతున్నాను కదా, పుస్తకం నా చేతికిచ్చి లైను కింద వేలు పెట్టి చూడమనేవాడు. చిన్న మాట తప్పినా మళ్ళీ మొదటి నుంచి.

ఒకరోజు పుస్తకం మూసేసి అడిగాను, పరీక్ష అయిపోయినవాడికి ఇంకా ఈ చదువెందుకని.

పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. ఓరల్స్‌లో తప్పానన్నాడు. ఆరు నెలలాగి రమ్మన్నారట.

ఎగ్జామినర్ అడిగింది ఇది. చీకట్లో ఎదురుగా ఒకే ఒక్క తెల్ల దీపం కనిపిస్తోంది, అదేమై ఉండొచ్చు? ముందు వెళ్తున్న ఓడ వెనక దీపం కావచ్చన్నాడు బావ. లంగరేసిన ఓడ కావచ్చన్నాడు. ఇంకా? అన్నారాయన. బావ నోరు మెదపలేదు.

జవాబు, లాంతరు పెట్టుకున్న చిన్న పడవ.

"మర్చిపోయావా?" అన్నాను.

"మర్చిపోలేదు రవణా. నోటిదాకా వచ్చింది. నాతో పరీక్షకొచ్చి బయట కూర్చున్నవాళ్ళంతా కాన్వెంట్ చదువుల వాళ్ళు. ఆ గదిలో చేపల పడవ మాటెత్తితే నేనెవరో తెలిసిపోద్దనిపించింది."

మావయ్య పడవలో ఉండేది ఆ లాంతరు ఒక్కటే.

వెళ్ళి మావయ్యకి చెప్పమన్నాను. రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు, నువ్వూ వస్తేనే అన్నాడు. చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మావయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన ఇంకో ఇద్దరున్నారు. బావ నిలబడే అంతా చెప్పేశాడు. తప్పిన సంగతి, అబద్ధమాడిన సంగతి, ఆ గదిలో సిగ్గుపడిన సంగతి కూడా. అది దాచుకోమని బస్సు దిగేటప్పుడు నేను చెప్పాను. దాచుకోలేదు.

మావయ్య చేతిలో పని ఆగిపోయింది. చెయ్యి చేసుకుంటాడేమోనని భయపడ్డాను.

"మన లాంతరు సంగతి ఆ బుక్కులో రాశారంట్రా?" అన్నాడు.

రాశారన్నాడు బావ.

చదవమన్నాడు. బావ నా వైపు చూశాడు. నేనే తెలుగులో చెప్పాను. చిన్న పడవలో ఉన్నవాళ్ళు వెలిగించిన లాంతరు దగ్గర పెట్టుకోవాలి, ఓడ వచ్చి గుద్దేలోపే దాన్ని చూపించాలి అని. మావయ్య పక్కవాళ్ళిద్దరికీ అదే మళ్ళీ చెప్పాడు, గర్వంగా.

తర్వాత బావ వైపు తిరిగాడు.

"చూపిచ్చేది మేం. చూడాల్సింది నువ్వు. చూసి కూడా చెప్పకపోతే మేం ఏమైపోవాల్రా?"

అంతే. గొంతు కూడా పెంచలేదు.

బావ అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాడు.

రెండోసారి పాసయ్యాడు. అప్పుడు ఆ ప్రశ్న అడగనే లేదట. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఓడల మీదే బతికాడు. మన తీరం దగ్గర పడ్డప్పుడల్లా ఓడ నడిపే బ్రిడ్జి మీద అదనంగా ఇంకో మనిషిని నిలబెట్టి సముద్రాన్ని గమనించమనేవాడట. ఎందుకు సార్ అని జూనియర్ ఆఫీసర్లు అడిగితే, అక్కడ మా నాన్న ఉంటాడని చెప్పేవాడట. మావయ్య పోయాక కూడా అదే చెప్పాడు.

నిన్న మధ్యాహ్నం ఇంటి నిండా జనం. ఎవరెవరు వచ్చారో కూడా నాకు గుర్తులేదు. పేపర్ ప్రకటనకి వివరాలు రాయమని కాగితం నా చేతికిచ్చారు. 'కీర్తిశేషులు' అని రాసి, పక్కన బావ పేరు రాయబోతే చెయ్యి రాలేదు. కాగితం తిరిగి ఇచ్చేశాను.

ఎవరు రాశారో తెలియదు. ఈ రోజు పేపర్లో వచ్చింది. ఫోటో బావదే.

ఇంకా నిజమనిపించడం లేదు బావా. అయినా చెప్పక తప్పదు.

వెళ్ళిరా. నువ్వున్న చోట నీ మనసుకి శాంతి ఉండాలి. సీతక్కకి ఈ దెబ్బ తట్టుకునే బలం రావాలి.