బస్సు వెనక్కి వెళ్లిన రెండు నిమిషాలు

ఆ రోజుల్లో నాకు రాని పాఠాలకంటే బాగా వచ్చిన పాఠాలు నలుగురి ముందు చెప్పాలంటేనే ఎక్కువ భయం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఖమ్మంలో రెండు కాలేజీల్లో డెమో క్లాసులు చెడగొట్టుకున్నాను (ఒకచోట చాక్‌పీసు మూడుసార్లు విరిగింది, ఇంకోచోట పుస్తకం చూసి చదివేశాను). మూడోదీ పోతే కుట్టుమిషను నేర్చుకొమ్మని అమ్మ తేల్చి చెప్పింది. అది ములకలపల్లి వైపు ఒక చిన్న జూనియర్ కాలేజీ. పాఠం తక్షణ వేగం. పిల్లలకు తెలిసిన ఉదాహరణ ఉండాలని, వెళ్లే బస్సులోనే కూర్చుని, రోడ్డు పక్కన రెండు వందల మీటర్లకొకటి, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అని అంకెలు వేసి ఉండే చిన్న రాళ్లు దాటినప్పుడల్లా గడియారం చూసి టైము రాసుకున్నాను.

కాలేజీ వరండాలో దూరానికీ టైముకీ గ్రాఫు గీస్తుంటే ఒకచోట ఎనిమిదో నంబరు రాయి తర్వాత ఆరు, మళ్లీ ఎనిమిది రాసి ఉన్నాయి. కంగారులో తప్పు చూశాననుకుని ఆ రెండు చుక్కలూ వదిలేసి, మిగతావి అందంగా కలిపేశాను. క్లాసులో దాన్నే బోర్డు మీద గీశాక, చివరి బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ గారు లేచొచ్చి సరిగ్గా అక్కడే వేలు పెట్టి, ఆ క్షణంలో వేగమెంతో చెప్పమన్నారు. వంపును అక్కడ తాకేలా స్కేలు పెట్టి గీత గీసి, దాని వాలు లెక్కగట్టాను. రెండు నిమిషాలకు రెండు వందల మీటర్లు, అంటే నిమిషానికి వంద.

"బస్సు నడుచుకుంట వచ్చిందా అమ్మా?" అన్నారాయన. నేను స్కేలు మళ్లీ పెట్టి చూశాను.

అదే బస్సులో వచ్చిన ఒక అమ్మాయి లేచింది. "అప్పుడు బస్సు ఎనక్కి పోయింది గదా మేడం. మా నానమ్మ ఉరుక్కుంట వస్తుంటే డ్రైవరన్న రివర్సు కొట్టిండు. మీరు గడియారమే చూస్తున్నరు."

క్లాసంతా నవ్వింది. నేను నోటుబుక్కు తెరిచి వదిలేసిన చుక్కలు మళ్లీ పెట్టాను. ఈసారి గీత కిందికి వాలింది, వేగం మైనస్ వచ్చింది. మైనస్ అంటే ఆగిందనా అని ప్రిన్సిపాల్ గారు ఆ అమ్మాయినే అడిగారు. "కాదు సార్, ఎనక్కి పోతున్నదని" అంది. ఆ ముక్క నేను ఇంకో గంట చెప్పినా అంత తేలిగ్గా ఎక్కేది కాదు.

"సోమవారం నుంచి రండమ్మా. కాకపోతే రాళ్లతోపాటు మనుషుల్ని గూడ చూస్తుండండి" అన్నారాయన.

ఆ నానమ్మ నా పక్క సీట్లోనే కూర్చుని దిగేదాకా తను పిల్లల్ని పెంచిన సంగతులు నాతో చెబుతూనే ఉందట (తర్వాత మనవరాలే చెప్పింది). నేను ఊఁ కొట్టానట కూడా. ఇప్పుడు నేనూ తల్లినై, మా పాపాయి బరువు ఈ నెల సరిగా పెరగలేదని ఆసుపత్రి వాళ్లిచ్చిన బరువుల కార్డు ముందు పెట్టుకుని దిగులుపడే ఈ రాత్రుళ్లలో, ఆమె ఏం చెప్పిందో కాస్త విని ఉంటే బాగుండేది కదా అనుకుని నవ్వుకుంటాను.