జేబులో ఉల్లిపాయ

2018 వేసవిలో ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో అంత ఎండ కాస్తుంటే, రోజూ ఐదు మైళ్ళు పరుగెత్తిన మనిషిని మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. పార్కులో గడ్డి మాడి కొబ్బరిపీచులా తయారైంది. ఇంగ్లీషు వాళ్ళు ఫ్యాన్లు దొరక్క షాపుల చుట్టూ తిరుగుతున్నారు. నేను మాత్రం “ఇదీ ఒక ఎండేనా? మాది రెంటచింతల” అనేవాణ్ణి.

ఐదు మైళ్ళంటే కొంచెం ఎక్కువైందేమో. మూడు అనుకోండి.

ఈ కబుర్లు వినేది పక్కింటాయన. కరీంనగర్ మనిషి, నాకన్నా రెండేళ్ళు పెద్ద. అంతకు ముందు చలికాలంలో ఆయన భార్య పోయింది. ఇక కర్టెన్లు తీయడం మానేసి, బయటి టేకవే తిండి తింటూ సోఫాకి అతుక్కుపోయాడు. షుగర్ పెరిగింది. నడవమని, చేతనైతే మెల్లగా పరుగెత్తమని క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పింది. మార్చిలో ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. జూన్‌కల్లా కర్టెన్లు తెరుచుకున్నాయి, మనిషి నవ్వడం మొదలుపెట్టాడు. అంతలో ఎండలు ముదిరాయి.

“నాతోని గాదు తమ్మీ, సల్లవడ్డంక జూద్దం” అన్నాడు.

మళ్ళీ ఆ సోఫాలో కూలబడితే ఇక లేవడని నాకు భయం పట్టుకుంది. అందుకే రోజూ పొద్దున్నే కంచె మీదుగా కేకేసేవాణ్ణి.

“ఐదు మైళ్ళు కొట్టేసొచ్చానన్నా! నువ్వింకా పళ్ళైనా తోమలేదా?”

“నీకేంది, రెంటచింతలోనివి.”

“ఎండదేముంది? జేబులో ఒక ఉల్లిపాయ వేసుకో, వడదెబ్బ నీ జోలికి రాదు. మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం పరుగెత్తేవాళ్ళం.”

ఆయన నమ్మాడు.

ఒక రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మా బెల్ మోగింది. తలుపు తీస్తే ఆయన, మొహం పండుమిరపకాయలా ఉంది. ఒక ఇంగ్లీషావిడ చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. ఎండలో పరుగుకి బయల్దేరి, బస్టాపులో కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడట. ఫోన్ కోసం జేబులో వెతికితే ఉల్లిపాయ దొరికిందట. దాన్ని నా చేతిలో పెట్టి, ఇది ఆయన మందా అని అడిగింది. అవునన్నాను. ఇంకేం చెప్పను?

మా ఆవిడ క్లినిక్‌కి ఫోన్ చేసి, మెడమీద తడిగుడ్డ వేసి, ఉప్పేసిన మజ్జిగ కొద్దికొద్దిగా తాగించింది. సాయంత్రానికి తేరుకున్నాడు. కానీ మొహం మళ్ళీ ఆ చలికాలం నాటి మొహం.

“ఇగ బంద్. నీలెక్క ఉరుకుడు నా నసీబుల లేదు. సోఫాల గూసుంట.”

అప్పుడు చెప్పక తప్పలేదు. “అన్నా, నువ్వు మానేసిన రోజే నేనూ మానేశాను. ఒక్కడినే పరుగెత్తాలంటే నాకూ కాళ్ళాడలేదు.”

“మరి రోజు జెప్పిన ఐదు మైళ్ళు?”

“టవల్ తడిపి మెళ్ళో వేసుకుని కంచె దాకా వచ్చేవాణ్ణి.”

“ఆ టవల్ ఉతకలేక చచ్చాను అన్నయ్యగారూ” అంది వంటింట్లోంచి మా ఆవిడ.

“మాది రెంటచింతల కూడా కాదు. భీమవరం. కాలవగాలికి పెరిగినవాణ్ణి.”

ఆయన మెడమీది తడిగుడ్డ తీసి నా ఒళ్ళో పడేశాడు. తర్వాత బల్ల మీది ఉల్లిపాయ తీసుకుని వెళ్ళిపోయాడు. నా అబద్ధం మనిషిని చంపబోయింది, నా నిజం ఆయన్ని ఇంట్లో కూర్చోబెడుతుంది అనుకున్నాను.

మర్నాడు ఐదున్నరకి, ఎండ ఇంకా ముదరకముందే, బెల్ మోగింది. షూస్ వేసుకుని నిలబడి ఉన్నాడు.

“పా, ఐదు మైళ్ళోడా.”

వీధి చివరి పోస్ట్‌బాక్స్ దాకా కూడా పోలేకపోయాను. ఆయన ముందుకెళ్ళి వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు. “ఏమైంది తమ్మీ, కాల్వ గాలి అస్తలేదా?”

ఆ వేసవంతా ఒక్క పొద్దు కూడా మానలేదు. ఇంత ఉక్కలో రోజూ ఎలా లేస్తున్నావని ఒకసారి అడిగాను.

“నువ్వు రొప్పుతుంటె జూస్తందుకు” అన్నాడు.

ఆయన్ని లేపడానికి ముందు ఒక వీరుడు పరుగెత్తాలని నేను అనుకున్నాను. ఆయనకి కావలసింది వెనకాల ఆయాసపడే తోడు. అది ముందే తెలిసుంటే, ఆ పని నాకు పుట్టుకతోనే వచ్చు.

ఆగస్టుకల్లా నేనూ రెండు మైళ్ళకి వచ్చాను. సరే, ఒకటి. అందులో సగం నడకే. మిగతా సగం పరుగెత్తేది, ఆయన పోస్ట్‌బాక్స్ దగ్గర ఆగి నాకోసం చూస్తున్నాడు కాబట్టి.