మగ్గం గదిలో ఇనుప పొయ్యి

వేలూరులో మా పుట్టింట్లో పొయ్యి పెరట్లో ఉండేది. వంట అయిపోతే దాని సంగతి ఎవరికీ పట్టేది కాదు. పెళ్లయి గుడియాత్తం వచ్చిన తొలి చలికాలం మాత్రం నా పగలంతా ఒక పొయ్యి చుట్టూనే తిరిగింది.

ఆ ఇంట్లో మేం ముగ్గురం: మా ఆయన, మా అత్త, నేను. ఉన్నది ఒకటే పెద్ద గది. మధ్యలో గుంత మగ్గం, గోడవార అత్త పడక. షావుకారు ఇచ్చే నూలుతో మా ఆయన లుంగీలు నేసి ఇచ్చేవాడు. ఆ ఏడు కార్తీకంలో పట్టిన వానలు ఎంతకీ వదల్లేదు. జ్వరం తగిలి లేచిన అత్తకు ఒంట్లో రక్తం లేదు. చలికి దవడలు కొట్టుకునేవి. కుంపటి పెడితే పొగకు ఊపిరాడేది కాదు.

కాట్పాడిలో రైల్వే దొర ఒకాయన సీమకు వెళ్లిపోతూ వదిలేసిన సామానులో ఒక ఇనుప పొయ్యి ఉందని తెలిసి, మా ఆయన దాన్ని ఎద్దుబండి మీద తెచ్చాడు. పొగ పోవడానికి దానికి పొడుగాటి గొట్టం ఉంది. పైకప్పులో పెంకు ఒకటి తీసి, గొట్టాన్ని బయటికి పెట్టాడు. తుమ్మకట్టెలు వేసి అంటించాం. గదిలో పొగ లేదు, వేడి నిండింది. అత్త ఆ రోజు కంబళి తీసేసి హాయిగా నిద్రపోయింది.

మర్నాటి నుంచే మగ్గం మీద పోగులు తెగడం మొదలైంది. నూలుకు కాస్త తేమ ఉండాలి. ఆ వేడికి ఎండిపోయి పుటుక్కుమనేవి. మా ఆయన పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడె ఆపి ముడి వేసేవాడు, జానెడు నేసేలోగా ఇంకో పోగు తెగేది. కట్టెలు తగ్గించమనేవాడు. తగ్గిస్తే అత్త ముడుచుకుపోయేది. మళ్లీ వేసేదాన్ని. నాడెలో పెట్టే కండెలకు నూలు చుడుతున్నా నా చెవి నాడె చప్పుడు మీదే ఉండేది. అది ఆగిందంటే పోగు తెగినట్టే. ఊరికే వీధి వాకిలి దాకా వెళ్లి, వాన చూసి, ఏం చెయ్యాలో తోచక లోపలికి వచ్చేదాన్ని. గోడలకు తడిగుడ్డలు వేలాడదీస్తే అవీ ఇట్టే ఆరిపోయేవి.

ఒకనాడు మధ్యాహ్నం పోగులు వరసగా తెగాయి. మా ఆయన గుంతలోంచి లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి పొయ్యిలో గుమ్మరించాడు. గది నిండా ఆవిరి, బూడిద.  అత్త గోడవైపు తిరిగి పడుకుంది. కంబళి కింద ఆమె భుజాలు వణకడం ఇద్దరమూ చూశాం.

అప్పటిదాకా నేను ఆయనకు ఎదురు చెప్పి ఎరగను. తడిసిన కట్టెలు బయటికి లాగుతూ అన్నాను: "పోగు తెగితే నేను ముడేస్తా. అత్తకు ఏమన్నా అయితే ఏం ముడేసేది?"

ఆయన నా వైపు చూడలేదు. "షావుకారుకు ఏం చెప్పేది?" అన్నాడు.

"నూలు తెగతా ఉండాదని చెప్పేది."

గోడవైపు నుంచి అత్త మెల్లగా అంది: "వద్దు నాయనా. నన్ను తిన్నె మీద పండబెట్టు. మగ్గం నిలపొద్దు."

బయట వాకిలి పక్క తిన్నె మీదికి జల్లు కొడుతోంది. మా ఆయన అటక మీది పొడికట్టెలు దించి, తనే ఊది ఊది నిప్పు రాజేశాడు.

ఆ తరువాత నేను మగ్గం పక్కనే కూర్చుని ముడులు వేశాను. కాస్త ఎండ వస్తే అత్తను వాకిట్లో కూర్చోబెట్టి, పొయ్యి ఆర్పి గబగబా నేసేవాళ్లం. మబ్బు కమ్మితే ఆమెను లోపలికి తెచ్చి మళ్లీ అంటించేవాళ్లం. మాటిమాటికీ ఆకాశం చూడటమే నా పని. ఆ లుంగీ గుడ్డను షావుకారు తడిమి, చేతికి ముడులు తగులుతున్నాయని తిప్పి పంపాడు. మా ఆయన దాన్ని కోసి ఒక ముక్క తను కట్టుకున్నాడు, ఇంకోటి అత్తకు కప్పాడు. 

మాసి నెలకు, శివరాత్రి వేళకు, అత్త గోడ పట్టుకుని నడిచింది. ఎండలు ముదిరాక ఆయన గొట్టం దించి పెంకు కప్పేశాడు. నాకు మాత్రం చాలా రోజులు కుదురు రాలేదు. కండె చుడుతూ చుడుతూ లేచి, పొయ్యిలో కట్టెలు ఉన్నాయో లేదో చూడబోయేదాన్ని.

"యాడికమ్మా?" అని అత్త అడిగేది.

ఊరికేనని చెప్పి మళ్లీ కూర్చునేదాన్ని.