ఎల్‌ఈడీ తెరమీద జాంగ్రీ

మొన్న పుంగనూరు రిసెప్షన్‌లో నేను చేసిన ఘనకార్యం వింటే, మీ ఇంట్లో ఫంక్షన్‌కి నన్ను భోజనానికి కూడా పిలవరు!

మదనపల్లెలో నా ఎడిటింగ్ స్టూడియో మీకు తెలుసు కదా. పొద్దున పెండ్లి, సాయంత్రం రిసెప్షన్‌లో దాని హైలైట్స్ ఎల్‌ఈడీ తెరమీద వెయ్యాలి. ఇది బాగుంటే చిన్నకూతురి పెండ్లి ఆర్డరు కూడా నాకేనన్నారు పెండ్లికూతురి నాయన మునిరత్నంగారు. ఇంకేం, కాళ్ళు నేలమీద నిలిస్తే కదా! స్టేజీ వెనక గదిలో ల్యాప్‌టాప్, పక్కన ప్రివ్యూ చూసుకునే మానిటర్, చెవులకు హెడ్‌ఫోన్స్. ఎల్‌ఈడీ అతను వచ్చి, ఆ మానిటర్‌కి పోయే లైన్‌నే తన తెరకీ కలిపి, అంతా రెడీ మేడమ్ అని వెళ్ళిపోయాడు. దేనికి రెడీ అని నేను అడగలేదు.

మునిరత్నంగారి అన్న రెడ్డెప్పగారు అక్షింతలు వేసే ముక్క కోసం వెతుకుతుంటే, భోజనాల క్లిప్పు తగిలింది. ఆయనకు షుగరు. పొద్దుట్నించీ భార్య సరోజమ్మగారు పక్కనే కాపలా. క్లిప్పులో ఆమె చెయ్యి కడుక్కోడానికి అలా లేచిందో లేదో, పెద్దాయన అటు చూశాడు, ఇటు చూశాడు, పక్కాయన ఆకులోని జాంగ్రీ గుటుక్కు! నాకు నవ్వాగలేదు. వెనక్కి లాగాను, జాంగ్రీ నోట్లోంచి ఆకులోకి వచ్చింది. ముందుకు జరిపాను, మళ్ళీ నోట్లోకి. తర్వాత స్లో మోషన్. ఆ తర్వాత, నా చేతులు విరగ, ముఖానికి జూమ్!

మునిరత్నంగారు పరిగెత్తుకుంటూ వచ్చి నా హెడ్‌ఫోన్స్ లాగేశారు.

"ఆపు పాపా. బయట హాలంతా సూస్తాండారు. మా వదిన మా అన్న జేబులు తడుముతాండాది."

లైన్ పీకేసి బయటికి ఉరికాను. అప్పటికే రెడ్డెప్పగారి జేబులో ఇంకో రెండు జాంగ్రీలు దొరికాయి, టిష్యూ పేపర్లో భద్రంగా చుట్టి! కుప్పం నుంచి వచ్చిన మగపెండ్లివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నాకు ఏడుపొకటే తక్కువ. ఆర్డరు పోయినట్టే అనుకున్నా. చచ్చీచెడీ చేసిన నా హైలైట్స్, డ్రోన్ షాట్లతో సహా, తెరమీదికి వచ్చేసరికి జనమంతా భోజనాలకు లేచిపోయారు.

నిన్న మునిరత్నంగారు ఫోన్ చేశారు. చిన్నకూతురి పెండ్లికి తప్పకుండా రావాలన్నారు! ఎగిరి గంతేసి, ఎన్ని కెమెరాలు తెమ్మంటారని అడిగాను. ఆయన చల్లగా అన్నారు:

"కెమెరాలకీ ఎడిటింగ్‌కీ వేరే వాళ్ళకు చెప్పినాంలే పాపా. నువ్వు ఊరికే వచ్చి, మా అన్న తినేది వెనక్కీ ముందుకీ జరుపు, సాలు."