పెన్సిలు కింద వచ్చిన నంబరు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. తెనాలిలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. స్టాఫ్ రూములో అలాంటి కథ వినబడితే చాక్‌పీసు తీసుకుని లేచిపోయేవాణ్ణి. అయినా ఎనభైల చివర్లో నాకు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నమ్మకపోతే మీ ఇష్టం.

పాత కారు ఒకటి బాగుచేసుకోవాలని నాకు పిచ్చి. రేపల్లెలో ఒక డాక్టరుగారు పోయాక ఆయన నల్ల కారు షెడ్డులో పడి ఉందని తెలిసి, ఆయన భార్య దగ్గర కొన్నాను. కారు అమ్మేశాక ఆవిడ బాపట్లలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఏడాది పాటు నా ఆదివారాలన్నీ ఆ బండికే ధారపోశాను. ఇంజను పలికింది, రంగు పడింది. ఇక బండిని నా పేరు మీదికి మార్పించుకోవడమే మిగిలింది. అదే నా కొంప ముంచింది.

పేరు మారాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూడాలి. బానెట్ కింద కంపెనీవాళ్ళు బిగించిన ఇత్తడి రేకు మీద బండి నంబరు గుద్ది ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే నంబరు కాగితం మీదికి వస్తుంది. ఆ కాగితాన్ని ఫైల్లో అంటిస్తారు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో నంబరు చివర 4162. రేకు మీదా 4162. ఇన్‌స్పెక్టరు రుద్దిన కాగితం మీద మాత్రం 3907!

"ఏంటి మాస్టారూ ఇది? దొంగబండి తెచ్చి నా నెత్తిన పెడతారా?" అంటూ ఆయన ఇంతెత్తున లేచాడు.

"రేకు మీద సరిగ్గానే ఉంది కదండీ, మీరే చూడండి" అన్నాను.

"చూశానండీ. నా కళ్ళు పీకి ఫైల్లో అంటించమంటారా?"

మళ్ళీ రుద్దాడు. మళ్ళీ 3907. రేకుకి నేనేదో చేశానని, వారంలో తేల్చకపోతే పోలీసులకు రాస్తానని చెప్పాడు. సర్కారు మాస్టారి మీద దొంగబండి కేసంటే ఉద్యోగం గోవిందా!

నాకు చిర్రెత్తుకొచ్చింది. రేకు ఊడదీశాను. కిరసనాయిలుతో కడిగాను. భూతద్దం పెట్టి చూశాను. వెనక్కి తిప్పి చూస్తే ఏమీ లేదు. వేలితో తడిమితే 4162. కాగితం మార్చాను, పెన్సిలు మార్చాను, మెకానిక్ చేత రుద్దించాను. ఎవరు రుద్దినా 3907. ఆ రేకుని రోడ్డు మీదికి విసిరికొట్టాలనిపించింది.

ఆ కాగితం, రేకు పట్టుకుని బాపట్ల రైలెక్కాను. ఈ బండి అసలు ఎక్కడిదో ఆవిడనే నిలదీద్దామని నా ఉద్దేశం. ఆవిడ వరండాలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. విసురుగానే కాగితం చేతికిచ్చాను. చూశారు. లోపలికి వెళ్ళి, బైబిలు పక్కన దాచుకున్న ఒక పాత రిజిస్ట్రేషన్ పుస్తకం తెచ్చి తెరిచారు. అందులో నంబరు చివర 3907.

"ఇది మా మొదటి కారుదండి. అచ్చం మీరు కొన్నలాంటిదే. అది కాలవలో పడి మా అమ్మాయి అందులోనే చనిపోయింది. ఆ బండిని మా కళ్ళముందే ముక్కలు కోయించి తుక్కులో వేసేశారండి. మళ్ళీ అలాంటిదే కావాలని ఆయనే పట్టుబట్టి కొన్నారు" అన్నారు.

నేను సంచీలోంచి రేకు తీసి ఆవిడకు చూపించాను.

"మాస్టారూ, నా ఎదురుగా ఇంకోసారి రుద్దండి" అన్నారు.

రేకు గచ్చు మీద పెట్టి రుద్దాను. 4162 వచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఏ నంబరు కోసం ఏడ్చానో అదే.

"ఇంకోసారండి" అన్నారావిడ.

నాలుగుసార్లు రుద్దాను. ఆ పాత నంబరే రావాలని మనసులో వేడుకుంటూ రుద్దాను. ప్రతిసారీ 4162.

తెనాలి తిరిగొచ్చి రేకు మళ్ళీ బిగించి చూపిస్తే ఇన్‌స్పెక్టరుకీ అదే వచ్చింది. మొన్న పెన్సిలు బాగాలేదేమోనని గొణిగి సంతకం పెట్టాడు. నా ఉద్యోగం నిలబడింది.

3907 వచ్చిన కాగితం ఆవిడే ఉంచుకున్నారు. ఆ నంబరు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ రోజు బాపట్లలో నేను బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చి, "మళ్ళీ ఎప్పుడైనా ఆ నంబరు వస్తే నాకు చెప్పండి" అన్నారు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఏటా ఒకసారి రుద్ది, "ఈసారీ రాలేదమ్మా" అని కార్డు రాసేవాణ్ణి.